పద్నాలుగు పచ్చని సాళ్ళు

అది 2022 వానాకాలం. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద నా ఎరువుల, విత్తనాల అంగడికి అప్పటికి పందొమ్మిదేళ్ళు. వ్యవసాయ డిప్లొమా చదివాక మొదట కుప్పంలో ఒక విత్తనాల అంగడిలో జీతానికి చేరి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. ఎరువుల అంగడివాడంటే మూటలు అమ్మేవాడేనని బయటివాళ్ళు అనుకుంటారు. మా పనిలో సగం వైద్యం. రైతు చిల్లులు పడిన ఆకో, ఎండిన కొమ్మో తెచ్చి కౌంటరు మీద పెట్టి "ఇదేందో సూడప్పా" అంటాడు. చాలామంది ఆకును చూసి మందు ఇచ్చేస్తారు. నాకు చేను చూడందే మనసొప్పదు. అర్థం కానిది ఒకటి కళ్ళబడితే అది తేలేదాకా అన్నం సయించదు. నా భార్య దీన్ని జబ్బు కిందే లెక్కవేసింది.

ఆ జూన్ చివర్లో మంజుల నా అంగడికి వచ్చింది. సోమల వైపు పల్లె వాళ్ళది. ముప్పై నిండని మనిషి. భర్త మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమాటా లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు కాబట్టి సేద్యమంతా ఆమె, ఆమె అత్తమామలే చూసుకుంటారు.

"అన్నా, సోయా విత్తనం ఉండాదా?" అని అడిగింది.

మా వైపు శెనక్కాయ అడుగుతారు, రాగి అడుగుతారు, ఉలవలు అడుగుతారు. సోయా అడిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

"సోయా యాలమ్మా? శెనక్కాయ వేసుకోరా?"

"వేస్తే పందులకే అన్నా. మూడేండ్లుగా అడివి పందులు సేనంతా తవ్వి కాయ తినేసి పోతాండాయి. సోయా అయితే కాయ నేల పైన కాస్తుందంట గదా."

"పైన కాస్తే పంది తలకాయ ఎత్తి తినదా అమ్మా?" అని ఆటపట్టించాను.

ఆమె నవ్వలేదు. "తింటే కంటికి కనపడ్తుంది గదన్నా. శెనక్కాయ పోయిందని పీకేదాకా తెలీదు" అంది.

ఆ జవాబుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి చెప్పింది. ఇంటి దగ్గర మూడెకరాల చేను. మదనపల్లె దగ్గరి టమాటా రైతు ఒకాయన దాన్ని గుత్తకు, అంటే ఏడాదికింత అని కౌలుకు అడుగుతున్నాడు. మామ రెడ్డెప్ప సరేనన్నాడు. ఈమె బతిమాలితే ఒక్క పంట గడువిచ్చాడు. అది తేలకపోతే చేను గుత్తకే.

"గుత్తకిస్తే నేను మా సేన్లోనే కూలికి పోవాలన్నా. టమాటా గంప ఎత్తుకోని మా గెనిమ మిందే నడవాల" అంది. మా వైపు గెనిమ అంటే చేని గట్టు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

విత్తనం తెప్పించి ఇస్తానన్నాను. దాంతోపాటు రైజోబియం కల్చర్ పాకెట్లు కూడా తప్పకుండా వాడాలని చెప్పాను. రైజోబియం అంటే కంటికి కనపడని ఒక సూక్ష్మజీవి. చిక్కుడు, శెనక్కాయ జాతి మొక్కల వేళ్ళలో చేరి చిన్న చిన్న బుడిపెలు కడుతుంది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకు ఆహారంగా ఇస్తుంది. శెనక్కాయకు పనికివచ్చే రకం మా నేలల్లో ఎప్పటినుంచో ఉంది. సోయాకు కావలసింది వేరే రకం, అది ఈ నేలల్లో లేదు. కాబట్టి విత్తనానికి పట్టించి మనమే పంపాలి. నల్లటి పొడిగా పాకెట్లో వస్తుంది. కాచి చల్లార్చిన బెల్లం నీళ్ళలో ఆ పొడి కలిపి, విత్తనానికి పూసి, ఆరబెట్టి, అదే రోజు విత్తేయాలి.

నోటితో చెబితే గుర్తుండదని నా అంగడి వసారాలోనే చేసి చూపించాను. నీడపట్టున ఉండే ఉత్తరం ముఖం వసారా అది. గోనెసంచి పరిచి రెండు దోసిళ్ళ విత్తనం పోసి, నల్లపొడి పూసి, పలచగా నెరిపాను. అరగంటలో ఆరింది. ఆమె చేత తాకించి "ఇట్ల ఆరితే సాలమ్మా, వేసేయొచ్చు" అన్నాను. ఈ వసారా సంగతి మీరు కొంచెం గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

జూలై మొదట్లో మంచి పదును వాన పడింది. విత్తారని కబురు తెలిసింది. మొలక బాగా వచ్చిందని మంజుల ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. ఆ తర్వాత నేను నా పనుల్లో పడ్డాను.

ఆగస్టు నడిమధ్యలో ఒక పొద్దున రెడ్డెప్ప స్వయంగా అంగడికి వచ్చాడు. అరవై అయిదేళ్ళు ఉంటాయి. తువ్వాలులో చుట్టిన మొక్కను విప్పి కౌంటరు మీద పెట్టాడు. నిమ్మపండులా పసుపు పచ్చగా ఉంది.

"నీ నల్లపొడి ఉత్త బూడిదప్పా. ఆ పిల్ల నిన్ను నమ్మింది" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేను కూడా పెంచేవాణ్ణి.

మొక్కను తిరగేసి వేరు చూశాను. నున్నగా ఉంది. ఒక్క బుడిపె లేదు. నాకు ముందుగా వచ్చిన అనుమానం నా మీదే. కల్చర్ పాకెట్లకు వేడి తగలకూడదు. అందుకే మా ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెడతాను. మధ్యలో కరెంటు పోయిందేమో, పాకెట్లలో ఉన్నది చచ్చిందేమో అనుకున్నాను. చచ్చిన సరుకు అమ్మి ఉంటే ఆ ఇంటి ఉసురు నాకు తగులుతుంది. అంగడి మూసి రెడ్డెప్ప వెంటే బండి మీద బయలుదేరాను.

చేను చూశాక నా అనుమానం తిరగబడింది. మూడెకరాలూ పసుపు పచ్చగానే ఉన్నా, ఈశాన్య మూల నుంచి ఒక పట్టీ మాత్రం ముదురాకుపచ్చగా, మోకాలు దాటి ఏపుగా నిలబడి ఉంది. గీత గీసినట్టు అక్కడికి ఆగిపోయింది. లెక్కపెట్టాను. పద్నాలుగు సాళ్ళు. పదిహేనో సాలు నుంచి పసుపు.

ఆ పట్టీలో ఒక మొక్కను పారతో తవ్వి జాగ్రత్తగా లేపాను. వేళ్ళ నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో కోశాను. లోపల మాంసం రంగులో ఎర్రగా ఉంది. అలా ఎరుపు ఉంటే బుడిపె బతికి పనిచేస్తోందని అర్థం. తెల్లగా ఉంటే దండగ. అంటే నా పాకెట్లలోని జీవం ఇక్కడ బతికింది, నాలుగడుగుల అవతల బతకలేదు. ఒకే రోజు, ఒకే పొడి, ఒకే విత్తనం. నాకు అప్పుడే అన్నం సయించడం మానేసింది.

"ఆ మూల మందను నిలిపినాము గదా, గొర్రెల ఎరువు బలం" అన్నాడు రెడ్డెప్ప.

"సేనంతా నిలిపినాం మామా, మూడు దినాలు. ఆ మూలకే ఏం కాదు" అంది మంజుల.

"మరేమమ్మా నీ లెక్క?" అని నేను అడిగాను.

"విత్తనం మూటల్లో ఏదో ఒకటి మేలుదేమో అన్నా."

మునెమ్మ, అంటే రెడ్డెప్ప భార్య, గెనిమ మీద కూర్చుని వక్క నములుతోంది. "అది దేవుని ఇత్తనం నాయనా. పూజకు పెట్టింది" అంది. ముగ్గురం విన్నాం. నేనైతే తల ఊపి నవ్వి ఊరుకున్నాను. చదువుకున్నవాడిని కదా.

మొదట చేయాల్సింది పంటను నిలబెట్టడం. బుడిపెలు కట్టని సోయాకు నత్రజని మనమే పెట్టాలి కాబట్టి, యూరియాను పైపాటుగా వెంటనే వేయించాను. పైపాటు అంటే నిలబడి ఉన్న పంటకు పై నుంచి వేసే ఎరువు. పచ్చ పట్టీకి వేయవద్దన్నాను. రెండు చోట్ల నుంచీ మట్టి తీసి మదనపల్లెలో పరీక్షకు ఇచ్చాను. వారానికి కాగితం వచ్చింది. పచ్చ మట్టి, పసుపు మట్టి రెండూ అక్కచెల్లెళ్ళలా ఒకేరకంగా ఉన్నాయి. గొర్రెల లెక్క పోయింది. విత్తనం మూటల నంబర్లు చూస్తే అన్నీ ఒకే లాట్. ఒకే చేను నుంచి ఒకేసారి వచ్చిన సరుకన్న మాట. మంజుల లెక్కా పోయింది. ఇక మిగిలింది దేవుడు.

ఆ ఆదివారం మళ్ళీ వెళ్ళాను. మునెమ్మ దగ్గర చతికిలబడి, ఈసారి నవ్వకుండా అడిగాను.

"మునెమ్మక్కా, పూజకు ఎంత విత్తనం పెట్టినారు?"

"రెండు సేటలు నాయనా. మా యింట్లో ఏ పైరు వేసినా ఇత్తే దినం పొద్దున్నే రెండు సేటలు దేవునిగూటి కాడ పెడతాము. పసుపు కుంకం పెట్టి, టెంకాయ కొట్టి, మంచి గడియ వచ్చినాక నేనే ఎత్తుకోని పోయి ఈశాన్యంలో ముందు వేస్తాను. అది అయిపోయినాకనే మూటలది."

"నల్లపొడి పట్టించిందేనా పూజకు పెట్టింది?"

"పట్టించినదే. మా కోడలు అంతా ఒగటే కలిపింది."

రెండు చేటల విత్తనం ఎన్ని సాళ్ళకు వస్తుందో అక్కడికక్కడే వేళ్ళ మీద వేసి చూశాను. పదమూడో పద్నాలుగో తేలింది. ఆ అమ్మ మొదటి రోజే సరైన జవాబు చెప్పింది, నేను చిరునవ్వుతో దాన్ని అవతల పడేశాను.

"నాకు ఆ గూడు చూపించక్కా" అన్నాను.

చెప్పులు వదిలి లోపలికి వెళ్ళాను. పాత మట్టిగోడల గది, కిటికీ లేదు. బయట అంత ఎండగా ఉన్నా లోపల కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

"మరి తక్కిన విత్తనం యాడ ఆరబోసినారు?"

"యాడంటే? మిద్దె మింద" అన్నాడు రెడ్డెప్ప, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు. "నల్ల పట్ట పరిచి పోసినాము. శెనక్కాయ ఆరబోసేదీ ఆడనే, సింతపండు ఆరబోసేదీ ఆడనే. ఇత్తే గొర్రు గొట్టంలో ఇరక్కుండా జారల్లంటే బాగా ఆరల్ల గదా. పొద్దున్నించి మంచి గడియ దాకా, మూడు గంటల దాకా ఎండబెట్టినాము. గలగలమనింది."

నేను అలాగే వట్టికాళ్ళతో మెట్లెక్కాను. మిద్దె మీద రెండడుగులు వేశాను, అరికాళ్ళు చురుక్కుమన్నాయి. ఎగిరి మెట్టు మీదికి దూకితే కింద మంజుల నవ్వింది. అదే ఆమె నవ్వగా నేను మొదటిసారి చూడడం. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా అరికాలికే ఓర్వలేని వేడి, ఆ కంటికి కనపడని ప్రాణులు పొద్దున్నించి మూడింటిదాకా నల్ల పట్ట మీద ఎలా ఓర్చుకుంటాయి?

అప్పుడు గుర్తుకొచ్చింది నా వసారా. నేను నీడలో ఆరబెట్టి చూపించాను. నీడ కావాలని మాత్రం చెప్పలేదు. నాకు అది చెప్పాల్సిన సంగతే కాదు, మా వసారాకు ఎండ రాదు. వాళ్ళకు ఆరబెట్టడమంటే ఎండే. పుట్టినప్పటి నుంచి ఆరబెట్టిన ప్రతిదీ, కాయైనా చింతపండైనా మిరపకాయైనా, మిద్దె ఎక్కింది. వాళ్ళు నేను చెప్పిన పని శ్రద్ధగా, నాకంటే శ్రద్ధగా చేశారు. నాకు చాలా సిగ్గేసింది. మెట్ల మీద కూర్చునే ఆ ముగ్గురికీ చెప్పాను, తప్పు నాది అని.

"నువ్వు ఇప్పుడు సెప్పేది నిజమని ఏం నమ్మకం? రేపు ఇంగో మాట సెప్తావు. టమాటా ఆయన పై నెల వస్తాండాడు" అన్నాడు రెడ్డెప్ప. ఆయన అనడంలో తప్పు లేదు.

"పరీక్ష పెడదాం రెడ్డెప్పన్నా" అన్నాను. ఆ ఇంట్లో ఖాళీ పెయింట్ బకెట్లు ఉన్నాయి. నేను మూడు చాలన్నాను. కల్చర్ పట్టించిన విత్తనం ఒకటి దేవునిగూటి దగ్గర పూజలో పెట్టి, ఒకటి మిద్దె మీద ఎండలో పెట్టి, ఒకటి పూజ లేకుండా ఉత్త నీడలో మంచం కింద పెట్టి, తర్వాత వేరు వేరు బకెట్లలో వేయాలి. మూడు బకెట్లలోనూ సోయా ఎప్పుడూ వేయని శెనక్కాయ చేని మట్టే.

మునెమ్మ వక్క ఉమ్మి వచ్చి అంది, "నాలుగు పెట్టు నాయనా. పూజ సేసిన ఇత్తనం కూడా కొంచెం మిద్దె మింద పెట్టు."

"యాలక్కా?"

"అప్పుడు గదా తెలిసేది. కాపాడింది దేవుడా, నీడా అని."

నేను నోరు తెరిచి చూశాను. డిప్లొమాలో మాకు ఈ సంగతి నల్లబల్ల మీద గీతలు గీసి నేర్పించారు. ఒక్కొక్క కారణాన్ని విడదీసి చూడాలని, జతలు జతలుగా పెట్టి పోల్చాలని. బడి మొహం చూడని ఈమె ఇంటి మెట్ల దగ్గర నిలబడి అదే చెప్పింది. పైగా తన దేవుణ్ణే పరీక్షకు నిలబెట్టింది. రెడ్డెప్ప ఆమె వంక అనుమానంగా చూశాడు. "పాపం తగుల్తాదేమో" అన్నాడు. "తెలుసుకుంటే పాపమేంది" అని ఆమె చేట తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు ఎండ బాగా కాసింది. కొత్త పాకెట్ తీసుకెళ్ళి అంతా నా కళ్ళ ముందే చేయించాను. మంజుల బకెట్ల మీద సున్నంతో గుర్తులు పెట్టింది. ఆ నెలంతా నేను ఏదో ఒక సాకుతో సోమల దారి పట్టేవాణ్ణి. "ఆ బకెట్లకు బాలసారె చేస్తారా ఏమిటి?" అంది నా భార్య. బకెట్లలో మొక్కలు మొదట్లో నాలుగూ ఒకటిగానే ఉన్నాయి. తర్వాత తర్వాత రెండు వెలవెలబోయాయి. మంజుల రోజూ నాలుగింటికీ నీళ్ళు కొలిచి పోసేది.

సెప్టెంబరు చివర్లో టమాటా ఆయన మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన రోజే బకెట్లు విప్పాం. అనుకుని చేసింది కాదు, ఆయన వచ్చేసరికి మేం పెరట్లో ఉన్నాం. రెడ్డెప్ప ఆయనకు మంచం వేసి "కూసోప్పా, వస్తాండాను" అని మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మంజుల ఒక్కో మొక్కను మట్టితో సహా లేపి తొట్టి నీళ్ళలో కడిగింది.

పూజలో పెట్టింది, బుడిపెలు. మంచం కింద పెట్టింది, బుడిపెలు. ఎండలో పెట్టింది, నున్నటి వేరు. చివరిది పూజ చేసి ఎండలో పెట్టినది. మంజుల దాన్ని కడిగి అత్తకు ఇచ్చింది. మునెమ్మ వేరును కళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. అందులో ఒకే ఒక్క బుడిపె కనబడింది. కోస్తే తెల్లగా ఉంది.

నేను ఆమెకు బాధ కలుగుతుందేమోనని భయపడ్డాను. ఆమె వేరును నా చేతిలో పెట్టి, "దేవుడు నీడలో ఉండేది ఊరికే కాదు నాయనా" అంది, మామూలుగా.

రెడ్డెప్ప మంచం కింది విత్తనంతో వచ్చిన మొక్కను తీసుకున్నాడు. బుడిపెను తన గోటితో తనే కోశాడు. ఎరుపు చూశాడు. ఇంకోటి కోశాడు. మొక్క చేతిలో ఉండగానే వెళ్ళి టమాటా ఆయన ముందు నిలబడి, "సేను ఇచ్చేది లేదప్పా. మా కోడలు ఇంగా ఏందో సూస్తాండాది దాంట్లో" అన్నాడు. మంజుల తొట్టిలోకి వంగి, ఎప్పుడో శుభ్రమైపోయిన వేళ్ళను కడుగుతూనే ఉంది.

ఆ ఏడాది పంట గొప్పగా ఏమీ రాలేదు. పైపాటు వేసిన చోట ఓ మోస్తరుగా పండింది. ఆ పద్నాలుగు సాళ్ళను మాత్రం మంజుల విడిగా కోయించి విడిగా కొట్టించింది. అవతల అంతే వెడల్పు పట్టీతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు గింజ. పందులు వచ్చాయా అని అడిగితే, "వచ్చినాయన్నా, తల ఎత్తి తినినాయి. కాకుంటే తక్కవ" అని నా ఎగతాళిని నాకే అప్పజెప్పింది.

ఈ కేసు తర్వాత నేను కల్చర్ అమ్మే పద్ధతి మారింది. ఇప్పుడు వసారాలో చూపించను. రైతును రోడ్డు మీది ఎండలోకి తీసుకెళ్ళి అరచేయి తారు మీద ఆనించమంటాను. తర్వాత లోపలికి తెచ్చి గచ్చు మీద ఆనించమంటాను. విత్తనం ఎక్కడ ఆరాలో అరచేయికి తెలిశాకే పాకెట్ చేతికిస్తాను. మనకు బాగా తెలిసినదాన్నే మనం ఎదుటివాళ్ళకు చెప్పడం మరిచిపోతామని నేను నేర్చుకున్నాను. నాకు తోచని పరీక్ష ఎదుటి మనిషికి తోచవచ్చని కూడా. ఎవరైనా దేవుడి మహిమ అంటే ఇప్పుడు నేను నవ్వను. ఎక్కడ పెట్టారు, ఎంతసేపు పెట్టారు అని అడుగుతాను.

మరుసటి ఏడు విత్తే రోజు పిలిచారని వెళ్ళాను. మంచాలూ బిందెలూ అన్నీ వాకిట్లో ఉన్నాయి. వాకిలి తీసి చూస్తే దేవునిగూటి గది నుంచి నడవ దాకా నేలంతా పాత చీరలు, వాటి మీద నల్లగా నిగనిగలాడే విత్తనం. నడవ కిటికీలకు గోనెపట్టలు కట్టి ఉన్నాయి. మునెమ్మ, మంజుల చెరో పక్క కూర్చుని విత్తనం నెరుపుతున్నారు. నేను గడప మీద నిలబడి ఆ చోద్యం చూస్తుంటే లోపలి నుంచి రెడ్డెప్ప కసిరాడు.

"యాల ఆడ నిలబడినావప్పా? లోపలికన్నా రా, బయటికన్నా పో. తలుపు ముయ్యి ముందు, ఇత్తనం మింద ఎండ పడతాండాది."

నేను లోపలికి వెళ్ళి తలుపు మూశాను.